కౌంటీ ఉత్తరం, పసుపు పూలు, పోయిన డాలర్లు

సందేహం: అక్కా, మేము కిందటి ఏడాది అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, డువాల్ దగ్గర కొంచెం పెద్ద స్థలం ఉన్న ఇల్లు కొన్నాం. మొన్న కింగ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) నుంచి ఒక ఉత్తరం వచ్చింది. మా పెరట్లో ఉన్న పసుపు పూల మొక్కను తీసివేయాలట, గడువు కూడా రాశారు. మావారు అదేదో మోసమని, పారేయమని అంటున్నారు. నాకేమో వీసాకు ఇబ్బంది వస్తుందేమోనని భయంగా ఉంది. ఏం చేయాలి?

జవాబు: చెల్లీ, ముందు ఆ ఉత్తరాన్ని జాగ్రత్తగా తీసి పెట్టు. వీసా భయం వదిలేయి. అది నీ స్థలానికి వచ్చిన కాగితం, నీ పాస్‌పోర్టుకు వచ్చింది కాదు. నువ్వు జాగ్రత్త పడవలసింది డబ్బు విషయంలో. ఎందుకంటే ఈ దారిలో నేను నడిచాను, ప్రతి అడుగుకూ రుసుము కట్టాను. ఆ లెక్కలు రాసిన పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

2009లో రెడ్‌మండ్‌కు తూర్పున, నగర పరిధి దాటాక, ముప్పాతిక ఎకరం ఉన్న ఇల్లు కొన్నాం. హనుమకొండలో నూట యాభై గజాల ఇంట్లో పెరిగినదాన్ని, ఆ పెరడు చూసి పొంగిపోయాను. ఇల్లు మా పేరు మీదికి మారిన మూడు వారాలకు ఒక కవరు వచ్చింది. పెద్ద ముద్ర, మా ఇంటి చిరునామా, మా ఇద్దరి పేర్లు, గడువు తేదీ. ఆస్తి పత్రం కాపీ కావాలంటే 95 డాలర్లు పంపాలని ఉంది. మన దగ్గర దస్తావేజు చేతికి రాకపోతే ఇల్లు మనది కానట్టే కదా. ఆ రాత్రే చెక్కు రాశాను. తరువాత ఎవరో చెబితే, ఆస్తి పత్రాలు నమోదు చేసే కౌంటీ రికార్డర్ కార్యాలయం వెబ్‌సైటు తెరిచాను. నేను 95 డాలర్లు పోసి తెప్పించుకున్న ఆ కాగితాన్ని అందులో ఎవరైనా ఊరికే చూడవచ్చు. ఉత్తరం అడుగున చీమంత అక్షరాలతో, తమది ప్రభుత్వ సంస్థ కాదని వాళ్లే రాసుకున్నారు. అప్పట్లో 95 డాలర్లంటే మా ఇంటికి రెండు వారాల సరుకులు.

ఆ దెబ్బతో నేను తెలివిమీరాననుకున్నాను. మరుసటి జూలైలో కౌంటీ కలుపు నివారణ విభాగం నుంచి నిజమైన ఉత్తరం వస్తే, చదవకుండానే నాలుగు ముక్కలు చేశాను. మీవారు ఇప్పుడు చేయబోతున్నది ఇదే.

నేను చింపేసిన ఆ ఉత్తరంలో ఉన్నది కూడా ఇప్పుడు నీ పెరట్లో ఉన్న మొక్క గురించే అయి ఉంటుంది. దాని పేరు టాన్సీ రాగ్‌వర్ట్. నడుము ఎత్తున పెరిగి, కొసన గుత్తులు గుత్తులుగా పసుపు పచ్చటి పూలు పూస్తుంది. సాధారణంగా ఒక్కో పువ్వుకు 13 రేకులు. ఆకు అంచులు ముడతలు ముడతలుగా ఉంటాయి. నాకు అది చూడగానే తంగేడు గుర్తొచ్చింది. తంగేడు లేకుండా బతుకమ్మ ఎలా పేర్చాలని దిగులుపడి ఉన్న రోజులవి. దేవుడే పెరట్లో పూయించాడనుకుని, గడ్డి కోసేటప్పుడు కూడా ఆ మొక్కలను వదిలేయమని మావారికి చెప్పాను. అక్టోబరులో మిగిలిన పూలన్నీ కోసి మూడు వరుసలు పేర్చాం. నాలుగు కుటుంబాలు కలిసి ఆడాం. ఆ సాయంత్రం బతుకమ్మను తీసుకెళ్లి సమామిష్ సరస్సులో వదిలాం. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఎంతో బాధగా ఉంటుంది. ఆ మొక్క ఒక్కటే 1,50,000 దాకా గింజలు వేయగలదు. కోసిన తరువాత కూడా పువ్వు గింజ కడుతుంది. గింజ మట్టిలో పదేళ్లకు పైగా బతుకుతుంది. ఎన్ని గింజలను నీళ్ల పాలు, ఒడ్డు పాలు చేశానో.

మా పక్క స్థలంవాళ్లకు రెండు గుర్రాలు ఉండేవి. మరుసటి జూన్‌లో మొక్కలు రెట్టింపై కంచె దగ్గరికి చేరాయి. ఆ ఇంటావిడ వచ్చి, ఈ మొక్క తింటే గుర్రాల కాలేయం చెడిపోతుందని, ఎండుగడ్డిలో కలిసినా విషం పోదని చెప్పింది. ఆవులకూ అంతే. తాతగారి ఊళ్లో గేదెల మధ్య సెలవులు గడిపినదాన్ని, ఆ మాట వినగానే ఒళ్లు జలదరించింది. వెంటనే ఇంకో ఆలోచన. గుర్రానికి ఏమైనా అయితే ఆ వైద్యం ఖర్చు ఎవరి మెడకు చుట్టుకుంటుంది? రెండు రాత్రులు నిద్ర లేదు.

ఆ కంగారులో ఒక తోటపని మనిషిని పిలిచాను. 600 డాలర్లు తీసుకుని యంత్రంతో మొదలంటా కోసి, కోసినదంతా ఆకుల చెత్త డబ్బాలో వేసి వెళ్లాడు. ఆగస్టుకల్లా మిగిలిన వేర్ల నుంచి మళ్లీ పొట్టిగా పిలకలు వేసి పూసింది. దాన్ని కోస్తే చావదు, ఇంకా మొండిబడుతుంది. అప్పుడే రెండో నోటీసు వచ్చింది. ఈసారి ప్రతి అక్షరం చదివాను. రాష్ట్ర చట్టం ప్రకారం కలుపు తీసే బాధ్యత స్థలం యజమానిదే. తీయకపోతే కౌంటీయే తీయించి ఆ ఖర్చు మన మీద వేయవచ్చు. ఏ మొక్క ఏ తరగతిలో ఉంది, ఎంత గడువు, అవన్నీ కౌంటీ వెబ్‌సైటులో ఉంటాయి, అక్కడ చూసుకో.

భయపడుతూనే ఫోను చేశాను. వారంలోపే కలుపు నిపుణురాలు ఒకరు ఇంటికి వచ్చారు. మందలింపు లేదు, జరిమానా మాట లేదు. గంటసేపు పెరడంతా తిరిగి చూపించారు. మొదటి ఏడాది ఈ మొక్క నేలకు అంటుకుని ఆకుల చక్రంలా ఉంటుంది, రెండో ఏడాది పూస్తుంది. అందుకే వసంతంలో, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగులు వేసుకుని వేరుతో సహా పెకలించాలి. పూసినదాన్నైతే ముందు పూలు కోసి సంచిలో మూటకట్టి మామూలు చెత్తలో వేయాలి, ఆకుల చెత్తలో వేయకూడదు. ఇదంతా చెప్పినందుకు ఆమె ఎంత తీసుకున్నారో తెలుసా? ఒక్క డాలరు కూడా లేదు.

ఆ రాత్రి ఇంటిపన్ను బిల్లు తీసి చూశాను. అందులో కలుపు నివారణకని ఒక చిన్న మొత్తం ఏటా కడుతూనే ఉన్నాం! కట్టిన సేవను వాడుకోకుండా బయటివాడికి 600 పోశాను. నీ బిల్లులోనూ ఆ వరుస ఉంటుంది, వెతుకు. ఆ పన్ను రెండు వాయిదాలు, ఏప్రిల్ 30, అక్టోబర్ 31. మీ బ్యాంకు కడుతోందో, మీరే కట్టాలో ఈ రోజే అడిగి తెలుసుకో. పన్ను కోసం ఇంటి విలువ కట్టే అధికారి, అసెసర్ నుంచి ఇంటి విలువ కాగితం వచ్చినా పక్కన పడేయకు, ఎక్కువ వేశారనిపిస్తే అప్పీలు చేసుకునే గడువు దానితోనే మొదలవుతుంది.

కొత్తగా వచ్చినవాళ్లు కౌంటీ అంటే మన కలెక్టరేటు అనుకుంటారు. సగమే నిజం. ఇక్కడ కలెక్టరు ఉండరు, ఎన్నికైన ఎగ్జిక్యూటివ్, తొమ్మిది మంది సభ్యుల కౌన్సిలు ఉంటారు. అసలు ఉత్తరం మీద మార్టిన్ లూథర్ కింగ్ ముఖం ముద్రగా ఉంటుంది, ఈ కౌంటీ పేరు ఆయనదే. అయినా ముద్రను ఎవరైనా అచ్చు వేయగలరు. కాబట్టి ఉత్తరంలోని నంబరుకు కాకుండా, కౌంటీ వెబ్‌సైటులో ఉన్న నంబరుకు ఫోను చేయి. డబ్బు పంపమనే ఉత్తరం ఏదైనా సరే, ఒక రాత్రి ఆగి, మర్నాడు ఫోను చేశాకే చెక్కు రాయి.

ఇంకొక మాట, ఇది డబ్బుకు మించినది. మన ఆడవాళ్లకు గట్ల మీద ఆకుకూర ఏరుకునే అలవాటు ఉంది. ఇక్కడ వాగుల పక్కన, రోడ్ల పక్కన పాయిజన్ హెమ్లాక్ అనే మొక్క ఉంటుంది. ఆకు క్యారెట్ ఆకులా, కొత్తిమీరలా కనిపిస్తుంది. నున్నటి కాండం మీద ఊదా మచ్చలు ఉంటాయి. మొక్కంతా ప్రాణాంతకమైన విషమే. పిల్లలకు చూపించి చెప్పు. మన వయ్యారిభామ ముట్టుకుంటే దురదతో పోతుంది, దీనితో అలా కాదు.

బతుకమ్మకు నేను ఇప్పుడు కుండీల్లో బంతి, గునుగు పెంచుతున్నాను, చామంతులు దుకాణంలో కొంటాను. నిమజ్జనం ఇంట్లోనే పెద్ద తొట్టిలో చేస్తాం. ఊరి నుంచి తంగేడు గింజలు సూట్‌కేసులో తెచ్చే ఆలోచన మాత్రం పెట్టుకోకు, విమానాశ్రయంలో చెప్పకుండా తెస్తే జరిమానా.

సోమవారం పొద్దున్నే కౌంటీకి ఫోను చేసి, ఇంటికి వచ్చి చూడమని అడుగు. ఈలోగా పూలు గింజ కట్టకముందే కోసి మూట కట్టు. మట్టి తవ్వడానికి గునపం కొనవద్దు, నా దగ్గర ఉంది. డువాల్ నుంచి మా ఇల్లు దూరం కాదు, వచ్చి తీసుకెళ్లు.