'తప్పు పెట్రోలు పోశారు' అని వారంటీ ఎగ్గొడితే?

ప్రశ్న: మాది గుంటూరు. 2024 నవంబరులో హైదరాబాద్‌లో పదమూడున్నర లక్షలకు కొత్త టర్బో పెట్రోలు కారు కొన్నాను. నాన్నగారి రిటైర్‌మెంట్ డబ్బు అది. నాలుగు నెలలకే ఇంజిన్‌లో టకటక శబ్దం మొదలై పికప్ పోయింది. సర్వీస్ సెంటర్‌వాళ్లు ఇంజిన్ విప్పి చూసి, 'ప్రీమియం కాకుండా మామూలు పెట్రోలు వాడారు, వారంటీ వర్తించదు' అని 2025 మార్చి 14న మెయిల్ పెట్టారు. రిపేరుకు 2.40 లక్షలు అడుగుతున్నారు. బంకు బిల్లులేవీ దాచలేదు, యూపీఐ మెసేజ్‌లే ఉన్నాయి. అప్పట్నుంచీ మెయిల్స్ పెడుతూనే ఉన్నాను, కారు వాళ్ల దగ్గరే ఉంది. వాన నీళ్లు ఇంజిన్‌లోకి పోయాయని ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టుకోమని అక్కడి అడ్వైజర్ సలహా ఇస్తున్నాడు. ఇంట్లో రోజూ గొడవలు, నిద్ర ఉండట్లేదు. బంకు మీద, ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) తెచ్చిన ప్రభుత్వం మీద కూడా కేసు వేయొచ్చా?

జవాబు: ఇంట్లో గొడవల గురించి ఇంత రాశారు గానీ, మీ కారు మాన్యువల్‌లో ఇంధనం పేజీ ఏం చెబుతోందో ఒక్క ముక్క రాయలేదు. కేసు మొత్తం ఆ పేజీ మీదే ఆధారపడి ఉంది. ముందు అది తీసి చదవండి, పెట్రోలు మూత లోపలి స్టిక్కర్ కూడా చూసి ఫోటో తీయండి.

ఆక్టేన్ అంటే ఇంజిన్‌లో ముందే మండిపోకుండా పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. అక్కడ 'కనీసం 91 ఆక్టేన్' అని ఉంటే మామూలు పెట్రోలు సరిపోతుంది, ఎందుకంటే మీరు పోయించిన రోజుల్లో బీఎస్6 (కాలుష్య ప్రమాణాల) మామూలు పెట్రోలుకు కనీస ప్రమాణం అదే. 95, 100 ఆక్టేన్ మీ ఇష్టం, షరతు కాదు. షోరూం కుర్రాడు నోటితో 'ప్రీమియమే పోయండి సార్' అన్నది వారంటీ షరతు అవ్వదు. అలాకాకుండా 'కనీసం 95' అనే రాసి ఉంటే మాత్రం మీ కేసు బలహీనం, ఈ మాట ఇప్పుడే చెబుతున్నా.

91 అనే ఉందనుకుందాం. అప్పుడు మినహాయింపు చెప్పి తప్పించుకుంటున్నది కంపెనీ కాబట్టి దాన్ని రుజువు చేయాల్సిందీ వాళ్లే. ట్యాంకులోంచి శాంపిల్ తీశారా, ల్యాబ్ రిపోర్టు ఉందా? మీరు రాసినదాంట్లో ఆ ప్రస్తావనే లేదు. కానీ మీ చేతిలో ఏముంది? బంకు బిల్లు ఒక్కటీ దాచలేదు. యూపీఐ మెసేజ్‌లో డబ్బు కనిపిస్తుంది గానీ ఏ పెట్రోలో, ఎన్ని లీటర్లో కనిపించదు. పదమూడు లక్షల బండి కొని బిల్లు అక్కడే పారేసి వస్తే ఎలా? ఇకనుంచైనా బిల్లు అడిగి తీసుకుని వెంటనే ఫోటో తీసి పెట్టుకోండి, ఆ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకే చెరిగిపోతాయి.

బంకు మీద కేసు వద్దు. పెట్రోలు చెడ్డదని మీరే రాస్తే, కంపెనీ 'చూశారా, మేమూ అదే అంటున్నాం' అంటుంది. శాంపిల్ లేకుండా బంకు మీద ఎలాగూ నిలబడదు. ఇక ఈ20 సంగతి. పాత బండ్లవాళ్ల ఇబ్బందుల మీద ఒక లాయరు వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో కొట్టేసింది, ఆ దారి వదిలేయండి. పైగా 2023 ఏప్రిల్ తర్వాత తయారైన బండ్ల విడిభాగాలు ఈ20కి తట్టుకునేలా ఉండాలి కాబట్టి ఆ పాయింటు మీకే పనికొస్తుంది.

ఇన్సూరెన్స్ సలహా జోలికి మాత్రం పొరపాటున కూడా పోవద్దు. అది అబద్ధపు క్లెయిమ్, బయటపడితే క్రిమినల్ కేసు కూడా కావచ్చు. బయటపడకపోయినా, 'నీళ్లు పోయి ఇంజిన్ పాడైంది' అని మీ సంతకంతో ఒక కాగితం తయారవుతుంది, రేపు కంపెనీ లాయరు కోర్టులో మొదట చూపించేది అదే. సలహా ఇచ్చిన అడ్వైజర్ ఆ రోజు మీ పక్కన ఉండడు.

గడువు దగ్గర కూడా మీరు నిర్లక్ష్యం చేస్తున్నారు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. తిరస్కరించిన రోజు నుంచి లెక్కేస్తే 2027 మార్చి రెండో వారంతో సరి. మెయిల్స్, రిమైండర్లు, లాయరు నోటీసు, వీటిలో ఏదీ ఆ గడువును పెంచదు. ఆలస్యాన్ని మన్నించమని కమిషన్‌ను అడిగే వీలుంది గానీ 'మెయిల్స్ పెడుతూ కూర్చున్నాను' అనేది చెప్పుకోదగ్గ కారణం కాదు.

ఈ వారమే డీలరుకూ కంపెనీకీ కలిపి రిజిస్ట్రేషన్ పెట్టి స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం రాయండి: విప్పిన భాగాలు పారేయకూడదు, జాబ్ కార్డు (బండికి ఏం చేశారో సర్వీస్ సెంటర్ రాసుకునే కాగితం) కాపీ ఇవ్వాలి, ఏ పరీక్ష ఆధారంగా తప్పు పెట్రోలు అన్నారో చెప్పాలి. పదిహేను రోజులు గడువు పెట్టండి. వాళ్లిచ్చే ఏ 'సెటిల్‌మెంట్' కాగితం మీదా చదవకుండా సంతకం పెట్టొద్దు. తర్వాత గుంటూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. కారు హైదరాబాద్‌లో కొన్నా మీరు ఉండే ఊళ్లో వేసుకోవచ్చు. మీ బండి ధరకు ఫీజు 400 రూపాయలు. ఫిర్యాదుతో పాటే ఇంజిన్ భాగాలను నిపుణుడితో పరీక్ష చేయించమని పిటిషన్ పెట్టండి. ఆ పరీక్ష అయ్యేవరకు కారు అక్కడినుంచి తెచ్చి బయట మెకానిక్‌కి ఇవ్వకండి.