పోకర్‌లో క్వీన్స్ వదలడం గురించి అల్లుడికి

అల్లుడూ,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. నీ పోకర్ టోర్నమెంట్‌లో పదమూడు మంది మిగిలారు, పన్నెండు మందికే డబ్బు. నీ దగ్గర 18 బిగ్ బ్లైండ్ల (అంటే ముక్కలు చూడకముందే వంతు ప్రకారం పెట్టాల్సిన పందెం) చిప్స్, చేతిలో క్వీన్స్ జత. పెద్ద స్టాక్‌వాడు (ఎక్కువ చిప్స్ ఉన్నవాడు) ఆల్‌ఇన్ అని ఉన్నదంతా పెట్టాడు, నువ్వు కాల్ అని దానికి సరిపడా పెట్టావు, వాడు ఏస్ కింగ్ తిప్పాడు, రివర్‌లో, అంటే బల్ల మీద చివరి ముక్కగా, కింగ్ పడింది. "లక్ లేదు మామయ్యా" అన్నావు. లక్ సంగతి అలా ఉంచు. మిగతావాళ్ల దగ్గర ఎన్ని చిప్స్ ఉన్నాయని నేను అడిగితే "ఇద్దరు షార్ట్‌గా ఉన్నారనుకుంటా" అని మెసేజ్ పెట్టావు చూడు, నీ తప్పంతా ఆ "అనుకుంటా"లోనే ఉంది.

నువ్వు తాతయ్య పక్కన కూర్చుని నూట ఒకటి రమ్మీ నేర్చుకున్నవాడివి. మొదట్లోనే డ్రాప్ చేస్తే 20, మధ్యలో అయితే 40, ఫుల్ కౌంట్ పడితే 80. స్కోరు 30లో ఉండగా ప్యూర్ సీక్వెన్స్‌కి దారి కనిపించకపోతే తాతయ్య చప్పుడు చేయకుండా ముక్కలు బోర్లా పెట్టేసేవారు. అవే ముక్కలు 85 మీద వస్తే ఆడేవారు. ఎందుకంటే అప్పుడు డ్రాప్ చేసినా 105, ఎలాగూ అవుటే. ముక్కలు అవే, మారింది కాయితం మీద అంకె. ఆయన చేతిలో ముక్కలు విప్పకముందే ఆ కాయితం వైపు చూసేవారు, గుర్తుందా? పోకర్ టోర్నమెంట్‌లో ఆ కాయితం ఎవరూ రాసి పెట్టరు. నువ్వే టేబుల్ చుట్టూ కళ్లు తిప్పి మనసులో రాసుకోవాలి.

క్యాష్ గేమ్‌లో చిప్ అంటే డబ్బే. వంద డాలర్ల చిప్స్ పోతే వందే పోతుంది, వస్తే వందే వస్తుంది. టోర్నమెంట్‌లో అలా కాదు. పది మంది తలా వెయ్యి చిప్స్‌తో కూర్చున్నారనుకో. చివరికి ఒకడి దగ్గర పదివేలూ చేరతాయి. కానీ వాడికి మొత్తం డబ్బు రాదు, సగం ఫస్ట్ ప్రైజ్ అయితే సగమే వస్తుంది. అంటే చిప్స్ పది రెట్లు, డబ్బు ఐదు రెట్లు. కొత్తగా వచ్చే చిప్ కంటే చేతిలో ఉన్న చిప్ విలువ ఎక్కువ. అందుకే 50-50 టాస్ క్యాష్ గేమ్‌లో నష్టం కాదు, బబుల్ దగ్గర, అంటే ఇంకొక్కడు పోతే మిగతావాళ్లందరికీ డబ్బు వచ్చే చోట, నష్టమే. నీ క్వీన్స్ ఏస్ కింగ్ మీద నూటికి 55 సార్లు గెలుస్తాయి. ఆ 55 నీకు చాలా అనిపించింది. ఒక షార్ట్ స్టాక్ మూడు బ్లైండ్లతో, ఇంకొకడు నాలుగుతో నీ పక్కనే మునుగుతూ ఉంటే అది చాలదు. అదే నువ్వే అందరికంటే షార్ట్ అయితే కాల్ అనాల్సిందే, నేనైనా అంటాను. కాబట్టి "క్వీన్స్ ఫోల్డ్ చేయాలా, అంటే పడేయాలా" అని అడిగితే నేను చెప్పలేను. మిగతా పన్నెండు స్టాక్‌లూ చెప్పు, అప్పుడు చెబుతా.

జూన్‌లో వెగాస్ వెళ్లి శాటిలైట్ (పెద్ద టోర్నమెంట్‌లో సీటే బహుమతిగా ఉన్న చిన్న టోర్నమెంట్) ఆడతానంటున్నావు కాబట్టి నా సంగతి ఒకటి చెప్తాను, ఇప్పటిదాకా మీ అత్తకి తప్ప ఎవరికీ చెప్పలేదు. చాలా ఏళ్ల క్రితం అక్కడే ఒక శాటిలైట్. పది సీట్లు, పదీ ఒకటే విలువ. పదకొండు మందిమి మిగిలాం. బిగ్ బ్లైండ్ 10,000, నా దగ్గర రెండు లక్షల చిల్లర. నా ఎదురుగా ఒక పెద్దాయన, ఆయన దగ్గర 8,000. ఐదువేల చిప్ ఒకటి, వెయ్యివి మూడు. ఆ నాలుగింటినీ వేలితో కలుపుతూ, విడదీస్తూ, మళ్లీ కలుపుతూ ఉన్నాడు. ఇంకో రెండు ఆటల్లో బ్లైండ్ ఆయన మీదకే వస్తుంది. అంతవరకు నేను బాత్రూంకి వెళ్లి కూర్చున్నా సీటు నాదే. అప్పుడు కింగ్స్ వచ్చాయి. నాకంటే పెద్ద స్టాక్‌వాడు ఆల్‌ఇన్ అన్నాడు. నేను రెండు సెకన్లు కూడా ఆగలేదు, కింగ్స్ కదా! వాడు ఏస్ టెన్ చూపించాడు, ఫ్లాప్‌లోనే, అంటే బల్ల మీద మొదట పడే మూడు ముక్కల్లోనే, ఏస్ పడింది. నేను లేచేసరికి ఆ పెద్దాయన తన నాలుగు చిప్స్ పట్టుకుని నా వైపు చూసి తలూపాడు. సీటు ఆయనకే వచ్చింది.

లెక్క చూడు. కాల్ చేస్తే నూటికి 70 సార్లు సీటు, ఫోల్డ్ చేస్తే దాదాపు నూటికి నూరు. కింగ్స్ కాదు, ఏస్‌ల జత వచ్చినా అంతే. ఎదుటివాడి దగ్గర ఏవో తెలియని ముక్కల మీద సగటున ఏస్‌లు నూటికి 85 సార్లే గెలుస్తాయి. అందరికీ ఒకటే బహుమతి ఉన్న ఆటలో, ఆ స్టాక్‌తో, ఏస్‌లు కూడా బోర్లా పెట్టేయాలి. మొదటిసారి వింటే పిచ్చి మాటలా ఉంటుంది.

ఇది చదివి రేపటి నుంచి ప్రతిదీ పడేసేవు, ఆగు. వెగాస్‌లో జరిగే వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ వేరు. 2023లో 10,043 మంది ఆడితే 1,507 మందికి డబ్బు వచ్చింది. పదివేల డాలర్ల ఎంట్రీకి కనీసం వచ్చింది 15,000, ఫస్ట్ వచ్చినవాడికి కోటీ 21 లక్షల డాలర్లు. అక్కడ ఆ కనీసం కోసం రెండు గంటలు ఊపిరి బిగబట్టి కూర్చుని స్టాక్ కరగబెట్టుకునేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. ఇక మొదటి రోజు కింగ్స్ పట్టుకుని "వాడి దగ్గర ఏస్‌లున్నాయేమో" అని వణకడం ఇంకో రోగం. నీ చేతిలో కింగ్స్ ఉంటే ఎదుటి ఒక్కడి దగ్గర ఏస్‌ల జత ఉండే అవకాశం 200లో ఒకటి. తొమ్మిది మంది టేబుల్ మొత్తం కలిపినా నూటికి నాలుగు. ఆ భయంతో ఫోల్డ్ చేసేవాడు అసలు ఆడకపోవడమే మేలు.

ఫ్లాప్ పడ్డాక సంగతి వేరు. నీ ముక్కలు ఎంత అందంగా ఉన్నాయని కాదు, "నాకంటే తక్కువ ముక్కలతో వీడు ఇలా బెట్ వేస్తాడా" అని అడుగు. పాట్‌లో (బల్ల మధ్య పోగైన పందెంలో) 60,000 ఉంటే వాడు 40,000 వేశాడనుకో. నీది కూడా కలిపి లక్షా నలభై వేల కోసం నలభై వేలు పెడుతున్నావు, మూడున్నర సార్లకి ఒకసారి గెలిచినా చాలు. నీ ముక్కలకి ఓడిపోయే ముక్కలు వాడి దగ్గర ఏమేం ఉండొచ్చో పేర్లు పెట్టి లెక్కపెట్టు. మూడు గంటలుగా ఒక్కసారి కూడా రైజ్ చేయనివాడు (పందెం పెంచనివాడు) రివర్‌లో రైజ్ చేస్తే లెక్క కూడా అక్కర్లేదు, పడేయ్. వాడి చెయ్యి వణుకుతోందని భయపడుతున్నాడనుకోకు. నేను చూసినంతలో వణికే చేతుల్లో ఎక్కువసార్లు మంచి ముక్కలే ఉన్నాయి.

దీనికి తలకిందులుగా జరిగింది కూడా ఒకసారి చూడు. 2003 మెయిన్ ఈవెంట్ ఫైనల్, 839 మందిలో చివరి ఇద్దరు. బల్ల మీద మూడు ఇస్పేట్లు. శామ్ ఫరా దగ్గర తొమ్మిదుల జత, చేతిలో ఒకటి, బల్ల మీద ఒకటి, అంటే బల్ల మీద ముక్కలతో వచ్చే పెద్ద జత. పైగా ఇస్పేటు రాణి తన చేతిలోనే ఉంది, అంటే ఎదుటివాడికి ఫ్లష్ (ఒకే గుర్తు ముక్కలు ఐదు) ఉండే అవకాశం కొంచెం తగ్గినట్టే. రివర్‌లో క్రిస్ మనీమేకర్ ఆల్‌ఇన్. ఫ్లష్ తగల్లేదా అని ఫరా పైకే అడిగాడు, సరిగ్గా అదే జరిగింది కూడా. అయినా ఫోల్డ్ చేశాడు. మనీమేకర్ దగ్గర ఉన్నది ఒట్టి కింగ్. చివరికి టోర్నమెంట్ గెలిచి పాతిక లక్షల డాలర్లు తీసుకెళ్లాడు. ఆ వీడియో చూస్తే ఫరా మొహం చూడు, నిజం తెలిసి కూడా తన మాట తనే నమ్మలేకపోయాడు.

ఇంకో రెండు మాటలు. అద్దె డబ్బుతో కూర్చోకు. పోతే ఇల్లు గడవదన్న టెన్షన్‌లో చేసే ఫోల్డ్ ఫోల్డ్ కాదు, పారిపోవడం. పడేశాక "నీ దగ్గర ఏముంది" అని ఎదుటివాణ్ని అడగొద్దు. వాడు నిజం చెప్పడు, చెప్పినా నీకు నిద్ర పట్టదు.

వెగాస్‌లో ఆ హాల్ ఏసీకి వేళ్లు కొంకర్లు పోతాయి, జూన్ కదా అని స్వెటర్ మానేయకు. వెగాస్‌కి ఎందుకెళ్తున్నావని మీ అమ్మకి ఏం చెప్పావో నాకు ముందే చెప్పు. అక్క నాకు ఫోన్ చేస్తే ఇద్దరం ఒకే మాట మీద ఉండాలి.

నీ మామయ్య