ఆ వాగును ఆగస్టులో చూడు

కాన్సాస్, ఏప్రిల్ 1886

చిన్నా,

డకోటాలో ఒక వాగు ఒడ్డున పిండిమర పెట్టి, దాని చుట్టూ ఊరు కడతావని మీ నాన్న ఉత్తరం రాశాడు. రెండుసార్లు చదివాను. ఓడలో వాంతులు చేసుకుంటూ నా ఒళ్లో పడుకుని వచ్చిన పిల్లాడివి, ఊరు కట్టేంతవాడివయ్యావు. గర్వంగా ఉంది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. సర్కారు ఇచ్చే 160 ఎకరాలకు కాగితం రాయించుకో. అయిదేళ్లు అక్కడే కాపురం ఉంటేనే అది నీదవుతుంది. గడ్డి మంటలు ఇంటి మీదికి రాకుండా చుట్టూ వెడల్పుగా దున్ను. ఇంటి నుంచి పశువుల కొట్టానికి తాడు కట్టు. మొన్న జనవరి మంచు తుపానులో మీ పెదనాన్న ఆ తాడు పట్టుకునే ఇల్లు చేరారు. తిరగలి రాళ్లు కొనకు. అక్కడ పండేది గట్టి గోధుమ, రాళ్ల కింద పొట్టు కూడా పొడిపొడిగా నలిగి పిండిలో కలిసిపోతుంది. ఉక్కు రోలర్లే పెట్టు.

ఇక నా తప్పు చెబుతాను.

1874లో రష్యాలోని మన మొలోచ్నా వదిలి వచ్చాం. చలికాలమంతా రైల్వే వాళ్ల పొడుగాటి షెడ్డులో, దుప్పటి అడ్డం కట్టుకుని కాపురం. ఎండ ముఖం చూశాక మీ పెదనాన్న రైలు పట్టాల పక్కనే నేల చూశారు. కనుచూపు మేరలో ఒక్క చెట్టు లేదు. నాకు ఏడుపొచ్చింది. అక్కడికి పన్నెండు మైళ్లలో ఒక వాగు కనబడింది. ఒడ్డున చెట్లు, నిండా నీళ్లు, అచ్చం మన ఊరి వాగే. బండి దిగి, ఇక్కణ్ణుంచి కదలనన్నాను. అది ఏప్రిల్. అవి మంచు కరిగిన నీళ్లని మా ఇద్దరికీ తట్టలేదు.

కట్ట కట్టాం, మర తిప్పే నీటి చక్రం బిగించాం, వీధులకు కొయ్యమేకులు పాతాం. మరుసటి ఏడు గోధుమ నూర్చి జనం బండ్లు కట్టుకొచ్చేసరికి ఆగస్టు. వాగులో చీలమండ తడిసేంత నీళ్లు. తూము ఎత్తితే చక్రం నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయేది. ఇరవై మైళ్ల నుంచి వచ్చినవాళ్లు మూడు రోజులు బండ్ల కిందే పడుకున్నారు. ఇంట్లో ఉన్న పిండంతా రొట్టెలు కాల్చి పెట్టాను. చంటిబిడ్డ తల్లి ఒకామె బస్తా మూతి విప్పి, గోధుమలు చేత్తో ఒకసారి కలిపి, మళ్లీ కట్టేసింది. ఆ ముడి వేసిన వేళ్లు నాకింకా కనబడతాయి. నాలుగో రోజు పొద్దున్నే బండ్లన్నీ రైలు ఊరికి వెళ్లిపోయాయి. తర్వాత వాగు నిండినా ఒక్కటీ వెనక్కి రాలేదు. మూడేళ్లు చూసి, మరను దూలం దూలం విప్పి పట్టాల దగ్గరికి మోయించాం. ఆవిరి ఇంజన్‌కు చేసిన అప్పు మొన్నమొన్నటిదాకా కట్టాం. ఇదంతా నీవల్లే అని మీ పెదనాన్న ఏనాడూ అనలేదు. అంటే నాకు తేలికయ్యేది.

ఇంజనే పెడతానంటావేమో. దానికీ నీళ్లు కావాలి, బొగ్గూ కావాలి. బొగ్గు రైల్లోనే రావాలి. రైలు ఎటు వస్తుందో తేలేదాకా వీధులు గీయకు నాయనా. ఊరికి మన పాత ఊరి పేరే పెడతావట. పెట్టుకో. కానీ ఆ ఊరిలా ఉందని చోటు ఎంచకు.

చీకటి పడ్డాక మంట బయటికుండే దీపంతో మరలోకి పోకు. 1878లో మినియాపాలిస్‌లో అంత పెద్ద మర పిండి దుమ్ము అంటుకునే పేలింది. 18 మంది పోయారు. ఈ ఒక్క విషయంలో నాకు ఒట్టు వెయ్యి.

మర లేచేలోపే బండ్లవాళ్లకు ఒక కొట్టం, బావి, పొయ్యి ఏర్పాటు చెయ్యి. తిండి సంగతి నీకు తోచదు, అందుకే రాస్తున్నా.

చోటు ఖాయం చేయకుండా ఆగస్టు దాకా ఆగు. గుడ్లమ్మిన డబ్బులు రైలు ఛార్జీకి దాచాను. నేనూ వస్తాను. ఆ వాగులోకి నేనే దిగి చూస్తాను.

మీ పెద్దమ్మ