డాక్టర్ సలహా: హిమోగ్లోబిన్ 8.4 ఉంది, రక్తం ఎక్కించుకోవాలా?

ప్రశ్న: నా వయసు 36. ఖమ్మంలో ఉంటాం, ఇంట్లోనే టైలరింగ్ చేస్తాను. కొన్ని నెలలుగా ఒకటే నీరసం, మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.4, ఎర్రకణాలు 39 లక్షలు, ఎంసీవీ 67, తెల్లకణాలు 7,200, ప్లేట్‌లెట్లు 5.1 లక్షలు వచ్చాయి. నెలసరి ఎనిమిది రోజులు ఉంటుంది, గడ్డలు పడతాయి. ‘ఒంట్లో రక్తం లేదు, రెండు సీసాలు ఎక్కించుకో’ అంటున్నారు ఇంట్లోవాళ్లు. ప్లేట్‌లెట్లు ఎక్కువ ఉన్నాయంటే బ్లడ్ క్యాన్సరేమోనని నాకు టెన్షన్. రోజూ బీట్‌రూట్ జ్యూస్ తాగుతున్నా మార్పు లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు క్యాన్సర్ సంగతి. మీరు రాసిన అంకెల్లో దాన్ని అనుమానించాల్సింది నాకేమీ కనిపించలేదు. తెల్లకణాల సంఖ్య మామూలుగానే ఉంది. ఒంట్లో ఇనుము తగ్గినప్పుడు ప్లేట్‌లెట్లు నాలుగున్నర లక్షలు దాటడం మేం తరచూ చూసేదే, ఇనుము అందాక అవి వాటంతటవే దిగివస్తాయి.

‘రక్తం లేదు’ అన్న మాట కూడా అంత సరైంది కాదు. మీ ఒంట్లో ఇప్పుడు కూడా నాలుగు లీటర్లకు పైగానే రక్తం ఉంటుంది, తగ్గింది అందులోని ఎర్రకణాల వాటా. ల్యాబ్‌లో ఊదారంగు మూత ఉన్న చిన్న ట్యూబులోకి రక్తం తీసుకుంటారు కదా, దాన్ని యంత్రంలో పెట్టి గిర్రున తిప్పితే రక్తం మూడు పొరలుగా విడిపోతుంది: పైన లేత పసుపు ద్రవం, మధ్యలో తెల్లటి సన్నని గీత, అడుగున ముదురు ఎరుపు. ఆ పసుపు ద్రవమే ప్లాస్మా, నూటికి 90 వంతులు నీరే, కానీ తిన్నదాని సారం, ఉప్పులు, హార్మోన్లు, కిడ్నీలు వడకట్టి పారేయాల్సిన యూరియా అన్నీ అందులోనే ప్రయాణిస్తాయి, గాయమైతే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఫైబ్రినోజెన్ కూడా. మధ్యలోని గీత తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు. అడుగున ఉన్న ఎరుపే ఎర్రకణాలు. ఆడవాళ్లలో అది నూటికి 36 వంతులకు తగ్గకూడదు, మీ అంకెలతో లెక్కేస్తే 26 వస్తోంది.

మీ ఆయాసానికి కారణం అదే. ఊపిరితిత్తుల నుంచి ఆక్సిజన్‌ను మోసుకెళ్లేది ఎర్రకణంలోని హిమోగ్లోబిన్, ఆక్సిజన్ వచ్చి అంటుకునేది దాని నడుమ ఉన్న ఇనుముకి. మోసేవాళ్లు తగ్గేసరికి గుండె వేగం పెంచి సర్దుకుంటోంది, మీకు దడగా తెలిసేది అదే. ఎంసీవీ అంటే ఎర్రకణం సైజు, 80 దాటి ఉండాల్సింది మీకు 67. కణాలు ఇలా చిన్నబోతే రెండు అనుమానాలు వస్తాయి: ఇనుము లోపం, లేదా పుట్టుకతో వచ్చే హిమోగ్లోబిన్ తయారీ లోపం, అంటే తలసీమియా ట్రెయిట్. మీ ఎర్రకణాలు 39 లక్షలు, అంటే 3.9 మిలియన్లు; 67ని ఆ 3.9తో భాగిస్తే 17 వస్తుంది, 13 దాటితే మొగ్గు ఇనుము లోపం వైపే. అయినా లెక్కతో సరిపెట్టుకోవద్దు, ఫెర్రిటిన్ పరీక్ష చేయించండి, ఒంట్లో దాచుకున్న ఇనుము ఎంతుందో చెబుతుంది. అది బాగానే ఉంటే అప్పుడు తలసీమియా ట్రెయిట్ ఉందేమో తేల్చే హిమోగ్లోబిన్ ఎలక్ట్రోఫోరెసిస్ పరీక్ష.

ఇంకోటి అడుగుతాను, మొహమాటపడొద్దు. బియ్యం ఏరుతూ గుప్పెడు నోట్లో వేసుకుంటున్నారా? ఐస్ ముక్కలు, బలపాలు, మట్టి వాసన మీద మనసు పోతోందా? ఇనుము తగ్గినవాళ్లలో చాలామందికి ఈ అలవాటు ఉంటుంది, తిట్టినా మానలేరు, ఇనుము ఎక్కగానే దానంతటదే పోతుంది.

అసలు ఇనుము ఎందుకు తగ్గింది? ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. అది చనిపోయినా అందులోని ఇనుమును శరీరం పారేయదు, ఎముక మజ్జకు పంపి కొత్త కణాల్లో మళ్లీ వాడుకుంటుంది. అందుకే తిండి నుంచి రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాములు ఒంటపట్టినా సరిపోతుంది. కానీ 100 మిల్లీలీటర్ల రక్తం బయటికి పోతే 40 మిల్లీగ్రాములకు పైగా ఇనుము పోయినట్టే. ఎనిమిది రోజుల నెలసరి, పైగా గడ్డలు... మీ విషయంలో ఇది చిల్లు పడిన బిందె. గైనకాలజిస్టును కలిసి అల్ట్రాసౌండ్, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి, గర్భసంచిలో ఫైబ్రాయిడ్లు (క్యాన్సర్ కాని కణితులు) ఉన్నాయేమో తెలుస్తుంది. మొలలు ఉన్నా, ఐరన్ మాత్రలు మొదలుపెట్టకముందే మలం నల్లగా వస్తున్నా దాచకుండా చెప్పండి.

బీట్‌రూట్ తినండి, తప్పులేదు, కానీ దాని ఎరుపుకీ రక్తం ఎరుపుకీ సంబంధం లేదు, అందులో ఇనుము 100 గ్రాములకు ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు.

రక్తం ఎక్కించే విషయానికొస్తే, హిమోగ్లోబిన్ 7 కంటే తగ్గినప్పుడో, కూర్చున్నా ఆయాసం వస్తున్నప్పుడో, ఉన్నట్టుండి బాగా రక్తం పోయినప్పుడో ఆలోచిస్తాం. ఒక యూనిట్‌కి హిమోగ్లోబిన్ పెరిగేది సుమారు ఒక గ్రాము. దాంతోపాటు రియాక్షన్ల రిస్క్ ఉంటుంది, చిల్లు అలాగే ఉంటుంది. మీకు మాత్రలు చాలు.

ఐరన్, ఫోలిక్ యాసిడ్ కలిసిన మాత్రలు ప్రభుత్వ పీహెచ్‌సీలో ఉచితంగానే ఇస్తారు. (ఆ ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసిన బృందాన్ని నడిపింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు.) డాక్టర్ రాసిన మోతాదులో, పరగడుపున, నిమ్మరసంతో వేసుకోండి. టీ, కాఫీ, పాలు, కాల్షియం బిళ్ల మాత్రం దానికి అటూఇటూ రెండు గంటలు వద్దు. చాలామందికి మాత్రలు ‘పనిచేయకపోవడానికి’ కారణం టీతో కలిపి మింగడమే. ఈ మాత్రల వల్ల మలం నల్లబడుతుంది, దానికి కంగారుపడొద్దు. కడుపులో తిప్పితే మానేయకుండా అన్నం తిన్నాక వేసుకోండి, లేదా రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో డాక్టర్ని అడగండి.

నెల రోజులకు మళ్లీ పరీక్ష చేయిస్తే ఒకటి రెండు గ్రాములు పెరిగి ఉండాలి. పెరగకపోతే ఆ రిపోర్టు తీసుకుని ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి, సెలైన్‌లా నరానికి ఇచ్చే ఐరన్ ఇంజెక్షన్లూ ఉన్నాయి. హిమోగ్లోబిన్ 12 దాటిందని వెంటనే ఆపేయకండి, నిల్వలు నిండడానికి ఇంకో మూడు నెలలు పడుతుంది. ఈలోగా గంటకో ప్యాడ్ మార్చాల్సి వచ్చినా, కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి, వాహనం లేకపోతే 108కి ఫోన్ చేయండి.