క్యాలెండర్ యాప్‌లో పండుగ వేరు, సెలవు వేరు

మీ ప్రశ్న ఇదీ: హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు, చెన్నై ఆఫీసులకు ఒకటే క్యాలెండర్ యాప్. సెలవులన్నీ ఒక టేబుల్‌లో వేసి, పక్కన తెలుగు, కన్నడ, తమిళ పేర్లకు మూడు కాలమ్‌లు పెడితే సరిపోతుందా? తేదీలను కోడ్‌తోనే లెక్కగట్టుకోవచ్చా? ఉద్యోగుల హాజరు, లీవులు చూసే యాప్‌లో సెలవుల భాగం కొన్నేళ్లుగా నేనే చూస్తున్నాను. నా మాట వింటే రెండూ చేయకండి. ముందు పండుగలకొక టేబుల్, సెలవులకొక టేబుల్ విడివిడిగా పెట్టుకోండి. పండుగ తేదీ చెప్పేది పంచాంగం, సెలవు తేదీ చెప్పేది ప్రభుత్వం ఇచ్చే జీవో. ఈ రెండూ ఒకటేననుకుని కట్టిన యాప్‌కి ఏటా ఏదో ఒక తంటా తప్పదు.

బోనాలనే చూడండి. లాల్‌దర్వాజ బోనాలు ఆదివారం జరుగుతాయి, తెలంగాణ ప్రభుత్వం సెలవిచ్చేది మర్నాడు సోమవారం. 2024లో బోనాలు జూలై 28న, సెలవు 29న. ఒకే తేదీ కాలమ్ ఉంటే ఇందులో ఏది రాస్తారు? 2023లో మహారాష్ట్రలో ఇంకో రకం చిక్కు వచ్చింది. మిలాద్ ఉన్ నబీ, గణేశ్ నిమజ్జనం రెండూ సెప్టెంబర్ 28నే పడ్డాయి. బందోబస్తు ఇబ్బంది వల్ల అక్కడి ప్రభుత్వం మిలాద్ సెలవును 29కి జరిపింది. చంద్రుడు కదల్లేదు, జీవో కదిలింది! ఇలాంటిది ఏ లెక్కతోనూ ముందే పట్టుకోలేం.

సెలవుకు ఉల్టా కూడా ఉంటుంది. తెలంగాణలో జనవరి 1న సెలవిచ్చి, దానికి బదులు ఫిబ్రవరిలో రెండో శనివారాన్ని పనిదినం చేస్తారు. 2024లో అది ఫిబ్రవరి 10. అందుకని సెలవుల టేబుల్‌లో ‘రకం’ అనే కాలమ్ తప్పకుండా ఉండాలి: సాధారణ సెలవు, ఐచ్ఛిక సెలవు, బ్యాంకు సెలవు, పనిదినంగా మారిన రోజు. బ్యాంకు సెలవును విడిగా ఎందుకు పెట్టమంటున్నానంటే, అది 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం కింద ప్రకటించేది. ప్రభుత్వ ఆఫీసుల జాబితాతో అన్నిసార్లూ కలవదు. జీవో నంబరు, తేదీ కూడా అదే వరుసలో రాసి పెట్టండి. ‘ఈ సెలవు ఎక్కడి నుంచి వచ్చింది’ అని హెచ్ఆర్ వాళ్లు అడిగినప్పుడు వెతుక్కోకుండా చూపించొచ్చు.

భాష సంగతికొస్తే, యూజర్ భాష ఒక సెట్టింగ్, సెలవుల ప్రాంతం ఇంకో సెట్టింగ్. బెంగళూరు ఆఫీసులో పనిచేసే గుంటూరు అమ్మాయికి కర్ణాటక సెలవులు కావాలి, అవి తెలుగులో కనబడాలి. నవంబర్ 1న ఆమెకు కన్నడ రాజ్యోత్సవం అని రావాలిగానీ ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం అని కాదు, రెండిటి తేదీ ఒకటే అయినా. ప్రాంతానికి మీ సొంత ఐడీ పెట్టుకోండి. బండి నంబర్లలో టీఎస్ కాస్తా 2024లో టీజీ అయింది కదా, అలాంటి కోడ్‌ను ప్రైమరీ కీగా, అంటే టేబుల్‌లో ప్రతి వరుసనూ గుర్తుపట్టే ఐడీగా వాడితే ఆ మార్పు మీ నెత్తిన పడుతుంది.

పేర్లకు మూడు కాలమ్‌ల పద్ధతి ఎక్కడ తేలిపోతుందంటే సంక్రాంతి దగ్గర. 2024లో ఆంధ్రలో జనవరి 14 భోగి, 15 సంక్రాంతి, 16 కనుమ. తమిళనాడులో 15 పొంగల్, 16 తిరువళ్లువర్ దినం, 17 ఉళవర్ తిరునాళ్. 16వ తేదీ వరుసలో తెలుగు కాలమ్‌లో కనుమ, తమిళ కాలమ్‌లో తిరువళ్లువర్ దినం పెడితే అవి ఒకే రోజుకు రెండు పేర్లు కావు, రెండు వేర్వేరు సెలవులు. ఉగాది అలా కాదు. తెలుగువాళ్లకూ కన్నడిగులకూ అదే పండుగ, ఒకే ఐడీ కింద ఇద్దరి పేర్లూ పెట్టొచ్చు. తమిళ సంవత్సరాది మాత్రం సౌరమానం ప్రకారం ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తుంది, దాన్ని ‘కొత్త సంవత్సరం’ అని ఉగాదితో కలపకండి. ఇంకొకటి, సెర్చ్‌లో వాడుక పేర్లు కూడా పనిచేయాలి. జీవోలో ఈద్-ఉల్-ఫితర్ అని ఉన్నా మనవాళ్లు టైపు చేసేది రంజాన్ అనే.

ఇక కోడ్‌తో లెక్కగట్టడం. ప్రోగ్రామింగ్ లైబ్రరీల్లో ‘ఇండియన్’ అనే క్యాలెండర్ ఉంటుంది, దాన్ని చూసి మోసపోకండి. అది 1957లో భారత ప్రభుత్వం తెచ్చిన జాతీయ శక క్యాలెండర్. అందులో చైత్రం 1 అంటే మార్చి 22, లీపు సంవత్సరమైతే 21. దానికి మన చాంద్రమాన చైత్ర శుద్ధ పాడ్యమితో సంబంధం లేదు. 2023లో ఉగాది సరిగ్గా మార్చి 22నే వచ్చింది కాబట్టి ఆ ఏడాదితో టెస్ట్ చేసినవాళ్లకు అంతా సవ్యంగానే కనిపిస్తుంది. 2024లో ఉగాది ఏప్రిల్ 9. అదే 2023లో అధిక శ్రావణం కూడా వచ్చింది, దాంతో వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25కి వెళ్లింది. అధిక మాసం పట్టించుకోని కోడ్ అయితే వ్రతాన్ని నెల ముందే చేయించేస్తుంది.

సరే, ఇవన్నీ పట్టించుకుని రాశారనుకుందాం. 2024 దీపావళికి అమావాస్య రెండు రోజుల మీద పరుచుకుంది. తెలుగు రాష్ట్రాల్లో సెలవు అక్టోబర్ 31న, మహారాష్ట్రలో లక్ష్మీపూజ సెలవు నవంబర్ 1న. పండితులే ఒక మాట మీద లేనప్పుడు మీ కోడ్ ఏం తేలుస్తుంది? మేమైతే లెక్కను అంచనాకే వాడతాం. రాబోయే ఏళ్ల తేదీలు లేత రంగులో ‘తాత్కాలికం’ అని చూపిస్తాం. నవంబర్, డిసెంబర్‌లలో రాష్ట్రాల జాబితాలు రాగానే ఒక మనిషి కూర్చుని చూసి ఖాయం చేస్తారు. నెలవంకను బట్టి తేలే పండుగలైతే ముందురోజు దాకా తాత్కాలికమే.

అమెరికాలో ఉన్నవాళ్లకూ యాప్ ఇస్తుంటే రెండు విషయాలు. చాలా పండుగలకు సూర్యోదయానికి ఉన్న తిథే లెక్క, సూర్యోదయం అక్కడ మనకన్నా చాలా గంటలు వెనక. అందుకే కొన్నిసార్లు పండుగ వాళ్లకు మనకన్నా ఒక రోజు ముందు తేదీన వస్తుంది. హైదరాబాద్ తేదీనే డాలస్‌వాళ్లకు చూపిస్తే గుడివాళ్ల క్యాలెండర్‌తో కలవదు. ఆఫీసు సెలవుది పూర్తిగా వేరే కథ. హైదరాబాద్ ఆఫీసుకు అక్టోబర్ 2 సెలవంటే ఏ దేశం నుంచి చూసినా అక్టోబర్ 2 అనే కనబడాలి. కాబట్టి సెలవును ఉత్త తేదీగానే దాచండి. యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా దాచారో, డాలస్ ఫోన్‌లో అది 1వ తేదీకి జారిపోతుంది.

ఫోన్ క్యాలెండర్లు నేరుగా తీసుకునే ఐసీఎస్ ఫీడ్ కూడా ఇస్తారంటున్నారు కాబట్టి చివరిగా ఒకటి. ప్రతి సెలవుకూ ఇచ్చే యూఐడీలో, అంటే దాని ప్రత్యేక గుర్తింపులో, తేదీని ఇరికించకండి. పండుగ, ఏడాది, రాష్ట్రం చాలు. జీవో మారినప్పుడు అదే యూఐడీతో కొత్త తేదీ పంపి, ఎన్నోసారి మార్చామో చెప్పే సీక్వెన్స్ నంబరును ఒకటి పెంచండి. యూఐడీ మారితే దాన్ని ఫోన్ కొత్త సెలవు అనుకుంటుంది, పాతది చెరగకపోతే రెండూ కనిపిస్తాయి. మూడు రోజుల సంక్రాంతిని ఒకే ఈవెంట్‌గా పెడితే ముగింపు తేదీగా కనుమ మర్నాటి తేదీ ఇవ్వాలి, ఎందుకంటే ఆ ఫార్మాట్‌లో ముగింపు రోజు లెక్కలోకి రాదు. మా దగ్గర మూడింటినీ మూడు ఈవెంట్లుగానే పంపుతాం. భోగి సెలవు కొన్ని ఆఫీసులకు ఉండదు మరి.