టెక్ సందేహాలు: మూడొందల గేమ్స్, ఒక్క స్క్రీన్

ప్రశ్న: నా ఆండ్రాయిడ్ ఫోన్‌లో, మెమరీ కార్డులో కలిపి 300 దాకా పాత గేమ్స్ ఉన్నాయి సార్. అన్నీ నా దగ్గరున్న క్యాట్రిడ్జ్‌లు, డిస్కుల నుంచి నేనే కాపీ చేసుకున్నవి. కొన్ని డౌన్‌లోడ్స్‌లో, కొన్ని ఇంకెక్కడెక్కడో పడున్నాయి. ఒక లాంచర్ యాప్ వేశాను, సగం గేమ్స్ కనిపించడం లేదు. కనిపించినవి నొక్కితే ఎమ్యులేటర్ మెనూ వచ్చి ఆగిపోతోంది. మంచి లాంచర్ చెప్పండి.

జవాబు: లాంచర్ తర్వాత, ముందు ఫోల్డర్లు. లాంచర్ దానంతట అది ఏ గేమ్‌నీ ఆడించలేదు, మీ ఫోల్డర్లు చదివి బొమ్మలతో చూపిస్తుంది, మీరు నొక్కగానే ఆ ఫైల్‌ను ఎమ్యులేటర్‌కి, అంటే పాత గేమ్ మెషీన్‌లా పనిచేసి గేమ్‌ను ఆడించే యాప్‌కి, అందిస్తుంది, దాని పని అంతే. ఫైళ్లు చిందరవందరగా ఉంటే ఎంత మంచి లాంచర్ వేసినా ఆ గందరగోళమే ఇంకాస్త అందంగా కనిపిస్తుంది.

మెమరీ కార్డులో గేమ్స్ అని ఒక పెద్ద ఫోల్డర్ చేసుకోండి, అందులో ఒక్కో కన్సోల్‌కి, అంటే ఒక్కో గేమ్ మెషీన్‌కి, ఒక్కో ఫోల్డర్. జీబీఏ (గేమ్ బాయ్ అడ్వాన్స్) గేమ్స్ అన్నీ ఒకచోట, పీఎస్‌పీ (ప్లేస్టేషన్ పోర్టబుల్)వి ఒకచోట, ప్లేస్టేషన్ 1వి ఇంకోచోట. ఇది ఎందుకంత ముఖ్యమంటే, చాలా డిస్కు గేమ్స్‌కి ఫైల్ రకం ఒకటే ఉంటుంది. ఐఎస్ఓ అని ఉన్న ఫైల్ (డిస్కు మొత్తం కాపీ) పీఎస్‌పీదో, ప్లేస్టేషన్ 2దో పేరు చూసి లాంచర్‌కి తెలియదు, అది ఏ ఫోల్డర్‌లో ఉందో చూసే ఏ ఎమ్యులేటర్‌కి పంపాలో తేల్చుకుంటుంది. మీకు సగం గేమ్స్ కనిపించకపోవడానికి ఎక్కువగా అవకాశం ఉన్న కారణం ఇదే. ఫైల్ పేర్లలో గేమ్ అసలు పేరు పూర్తిగా, తప్పుల్లేకుండా ఉంచండి, కవర్ బొమ్మలు వెతికేటప్పుడు లాంచర్ చాలావరకు ఆ పేరు మీదే ఆధారపడుతుంది.

ఇక మెనూ దగ్గర ఆగిపోవడం. ఆండ్రాయిడ్ 11 నుంచి ఒక యాప్ ఇంకో యాప్ ఫైళ్లను, మెమరీ కార్డులోని ఫోల్డర్లను ఇష్టమొచ్చినట్టు తెరవలేదు, ప్రతి యాప్‌కీ మీరు విడిగా అనుమతి ఇవ్వాలి. మీరు లాంచర్‌కి ఇచ్చారు, ఎమ్యులేటర్‌కి ఇచ్చి ఉండరు. అందుకే లాంచర్‌కి గేమ్ కనిపిస్తుంది, ఎమ్యులేటర్‌కి కనిపించదు. ఎమ్యులేటర్‌ను నేరుగా తెరిచి, గేమ్స్ ఫోల్డర్ అదేనని చూపించి, అక్కడి నుంచే ఒక గేమ్ ఆడి చూడండి. అది నడిచాకే లాంచర్‌కి రండి. ఈ వరస పాటిస్తే తప్పు లాంచర్‌లో ఉందో ఎమ్యులేటర్‌లో ఉందో వెంటనే తెలుస్తుంది, లేకపోతే రెండింటి సెట్టింగ్స్ ఒకేసారి కెలికి అసలు ఏం మార్చామో మర్చిపోతాం. ప్లేస్టేషన్ 1 గేమ్ నల్ల స్క్రీన్ దగ్గర ఆగితే మాత్రం బయోస్ ఫైల్ (కన్సోల్ స్టార్ట్ అవడానికి వాడే దాని సొంత సాఫ్ట్‌వేర్) సరైన ఫోల్డర్‌లో ఉందో లేదో చూడండి.

లాంచర్ పేరు అడిగారు కాబట్టి, డైజిషోతో మొదలుపెట్టండి. ఏ కన్సోల్‌కి ఏ ఎమ్యులేటర్ అనేది అందులో ఒకసారి ఎంచుకుంటే చాలు. ఇంకా అందంగా, మీకు నచ్చినట్టు మార్చుకోవాలనిపిస్తే ఈఎస్-డీఈ ఉంది, కానీ దానికి కాస్త ఓపిక కావాలి. పాత కన్సోల్స్ వరకే చాలనుకుంటే విడిగా లాంచర్ కూడా అక్కర్లేదు, లెమ్యురాయిడ్ అనే యాప్‌లో ఎమ్యులేటర్లు, గేమ్స్ లైబ్రరీ రెండూ కలిసే ఉంటాయి. మొదటిసారి ఈ దారిలోకి వచ్చేవాళ్లకి నేను చెప్పేది అదే.

మీరు అడగలేదు కానీ ఒక మాట, ఫైళ్లు కదిలించే ముందు మీ సేవ్‌లన్నీ, అంటే గేమ్‌లో ఎంతవరకు ఆడారో దాచుకున్న ఫైళ్లన్నీ, వేరే చోట కాపీ పెట్టుకోండి. గేమ్ ఫైల్ పోతే మళ్లీ డిస్కు నుంచి తీసుకోవచ్చు, నలభై గంటలు ఆడిన సేవ్ పోతే తెచ్చుకునే దారి లేదు. ఎమ్యులేటర్ మెనూ నుంచి చేసే సేవ్ స్టేట్‌నే నమ్ముకోకండి, యాప్ అప్‌డేట్ అయ్యాక అది తెరుచుకోకపోవచ్చు. గేమ్ లోపల ఉండే మామూలు సేవ్ ఎక్కువ భద్రం. ఇంకోటి, సేవ్‌లు యాప్ సొంత ఫోల్డర్‌లో ఉంటే యాప్ తీసేసినప్పుడు అవీ పోతాయి. పీఎస్‌పీ గేమ్స్ ఆడించే పీపీఎస్ఎస్‌పీపీ ఎమ్యులేటర్ మొదటిసారి తెరిచినప్పుడు ఫోల్డర్ ఎక్కడ పెట్టాలని అడుగుతుంది, అక్కడ తొందరపడకుండా బయటి ఫోల్డరే ఎంచుకోండి.

ప్రశ్న: లాంచర్ పెట్టినప్పటి నుంచి ఫోన్ గ్యాలరీ నిండా గేమ్స్ కవర్ బొమ్మలే. కుటుంబం ఫొటోలు వెతుక్కోవాల్సి వస్తోంది.

జవాబు: ఆ బొమ్మలున్న ఫోల్డర్‌లో ఒక ఖాళీ ఫైల్ పెట్టాలి. ముందు ఒక చుక్క, దానికి ఆనుకుని నోమీడియా అనే పదం, ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా (.nomedia). చివర టెక్స్ట్ ఫైల్ తోక లేకుండా చూసుకోండి. గ్యాలరీ ఆ ఫోల్డర్‌ను వదిలేస్తుంది. వెంటనే పోకపోతే ఫోన్ ఒకసారి రీస్టార్ట్ చేయండి.

ప్రశ్న: ఒక్కో గేమ్‌కి మూడు నాలుగు డిస్కులుంటే లాంచర్‌లో అవన్నీ వేర్వేరు గేమ్స్‌లా కనిపిస్తున్నాయి. స్టోరేజ్ కూడా అయిపోతోంది.

జవాబు: రెండింటికీ కలిపి చెప్తాను. బిన్, క్యూ ఫైళ్లుగా ఉన్న ప్లేస్టేషన్ 1 డిస్కులను కంప్యూటర్‌లో సీహెచ్‌డీ రకంలోకి మార్చుకోండి. మేమ్ (MAME) అనే ఎమ్యులేటర్‌తో పాటు వచ్చే సీహెచ్‌డీమ్యాన్ అనే చిన్న టూల్ ఈ పని చేస్తుంది. గేమ్‌లో ఏదీ కోల్పోకుండా సైజు తగ్గుతుంది, ఎంత తగ్గుతుందనేది గేమ్‌ని బట్టి. ఒక డిస్కుకి పది ఇరవై ఫైళ్లున్నా చివరికి ఒక్క ఫైలే మిగులుతుంది, నాకు అసలు నచ్చేది అదే. ఆ తర్వాత ఎం3యూ అనే టెక్స్ట్ ఫైల్ ఒకటి చేసి, డిస్కుల ఫైల్ పేర్లు లైనుకి ఒకటి చొప్పున వరసగా రాయండి. లాంచర్‌లో ఆ ఎం3యూ ఒక్కటే ఉంచి మిగతావి దాచేయండి. రెట్రోఆర్చ్ అనే ఎమ్యులేటర్ యాప్‌లో ఆడుతుంటే డిస్కు మార్చమని గేమ్ అడిగినప్పుడు మెనూలోని డిస్క్ కంట్రోల్‌లోకి వెళ్తే సరిపోతుంది.

ప్రశ్న: స్టోర్ నుంచి కొనుక్కున్న గేమ్స్ చాలా ఉన్నాయి. తీసేయకుండా చోటు మిగుల్చుకోవచ్చా?

జవాబు: ఆండ్రాయిడ్‌లో ఆర్కైవ్, ఐఫోన్‌లో ఆఫ్‌లోడ్ అని ఉంటాయి. ఆండ్రాయిడ్ 15లో సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేజీలోనే ఆర్కైవ్ బటన్ ఉంది, ఐఫోన్‌లో అయితే ఐఓఎస్ 11 నుంచీ ఉంది. యాప్ పోతుంది, మీ డేటా ఫోన్‌లోనే ఉంటుంది, ఐకాన్ నొక్కితే మళ్లీ డౌన్‌లోడ్ అవుతుంది. ఇక్కడ రెండు చిక్కులున్నాయి. గేమ్ తెరిచాక లోపల డౌన్‌లోడ్ అయ్యే భాగం చాలాసార్లు డేటా కిందకే వస్తుంది కాబట్టి పెద్ద గేమ్స్‌లో మీరు అనుకున్నంత చోటు ఖాళీ కాదు. రెండోది ఇంకా ముఖ్యం, ఆ గేమ్‌ను స్టోర్ నుంచి తీసేసి ఉంటే మళ్లీ డౌన్‌లోడ్ అవుతుందన్న నమ్మకం లేదు. స్టోర్‌లో ఆ పేజీ ఇంకా ఉందో లేదో చూసుకున్నాకే ఆ బటన్ నొక్కండి.

ప్రశ్న: ఐఫోన్‌లో కూడా పాత గేమ్స్ అన్నీ ఒకే లాంచర్‌లో పెట్టుకోవచ్చా?

జవాబు: ఆండ్రాయిడ్‌లో లాగా కుదరదు. 2024 ఏప్రిల్‌లో యాపిల్ రెట్రో ఎమ్యులేటర్లను యాప్ స్టోర్‌లోకి అనుమతించింది, కానీ ఏ యాప్ ఫైళ్లు దానికే పరిమితం కావడం వల్ల లైబ్రరీ కూడా ఎవరిది వాళ్లదే. నింటెండో పాత గేమ్స్‌కి డెల్టా అనే ఎమ్యులేటర్ చాలు, కవర్ బొమ్మలు అదే తెచ్చుకుంటుంది, సేవ్‌లను గూగుల్ డ్రైవ్‌కి గానీ డ్రాప్‌బాక్స్‌కి గానీ పంపుకోవచ్చు. ఆ ఆప్షన్ మొదటి రోజే ఆన్ చేసుకోండి. పీఎస్‌పీ గేమ్స్‌కి పీపీఎస్ఎస్‌పీపీ విడిగా వేసుకుని, రెండు ఐకాన్లనూ హోమ్ స్క్రీన్‌లో ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి.