కచ్ వెళ్లే మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నువ్వు పంపిన యాత్ర పట్టిక చూశాను. మూడు రోజుల్లో తొమ్మిది చోట్లు! ఫొటోలకు సరిపోతుంది గానీ గుజరాత్‌లోని కచ్ చూడడానికి చాలదు. పట్టిక రాసినవాళ్లు సంప్రదాయానికి ఒక పూట, ప్రకృతికి ఒక పూట, కళకు ఒక పూట అని పంచిపెట్టారు. ఆ ఎడారిలో అవి విడివిడిగా ఉండవమ్మా. అన్నిటి వెనకా నీళ్ల సంగతే ఉంటుంది: ఎక్కడున్నాయి, ఎంత ఉప్పు, ఎన్ని నెలలు నిలుస్తాయి. భుజ్‌లో హమీర్‌సర్ చెరువు నిండి పొర్లితే ఊరికి సెలవు ఇచ్చి లడ్డూలు పంచుకుంటారంటే చూసుకో.

అందుకే, డబ్బు కట్టే ముందు గైడుతో ఒకసారి మాట్లాడు. అజ్రఖ్ అద్దకంవాళ్లు (చెక్క అచ్చులతో గుడ్డలమీద రంగులు అద్దేవాళ్లు) తమ ఊరు ధమడ్కా నుంచి ఎందుకు వచ్చేశారో అడుగు. తడుముకోకుండా చెప్పగలిగితే అతనితోనే వెళ్లు. 2001 జనవరి 26 భూకంపం తర్వాత ధమడ్కా నీళ్లలో ఇనుము పెరిగింది. ఇనుము ఎక్కువైతే రంగులు మసకబారతాయి. దాంతో ఈ అద్దకం చేసే చాలా ఖత్రీ కుటుంబాలు భుజ్ దగ్గర అజ్రఖ్‌పూర్ అనే కొత్త ఊరే కట్టుకున్నాయి. ఇది తెలియని గైడు నిన్ను దుకాణం దాకా తీసుకెళ్లగలడు, అంతకుమించి లోపలికి తీసుకెళ్లలేడు.

అజ్రఖ్‌పూర్‌కు పట్టికలో ముప్పావుగంట వేశారు. ఒక పూటంతా అడుగు. గుడ్డను ఉతికి, కరక్కాయ నీళ్లలో ముంచి, సున్నం, జిగురు కలిపిన ముద్దను చెక్క అచ్చులతో అద్దుతారు. ఆ ముద్ద ఉన్నచోట రంగు పట్టదు. తుప్పు ఇనుము, బెల్లం కలిపి నానబెట్టిన నీటితో నలుపు తెస్తారు (మన కలంకారీ నలుపూ ఇదే పద్ధతి, ఆ మాట అంటే పనివాళ్లు నీతో వెంటనే కలిసిపోతారు). నీలిమందు తొట్టి దగ్గర మాత్రం కదలకుండా నిలబడు. గుడ్డ పైకి తీసినప్పుడు ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలేకొద్దీ నీ కళ్లముందే, అంచుల నుంచి మొదలై నీలంలోకి తిరుగుతుంది. అదే ఊళ్లో 2016లో తెరిచిన ఎల్.ఎల్.డి.సి. అనే చేతిపనుల మ్యూజియం ఉంది. రబారీ, అహీర్, జత్ వర్గాల స్త్రీల కుట్టుపనికి ఒకదానికీ మరొకదానికీ తేడా అక్కడ తెలుస్తుంది. కొనడం ఆ తర్వాతే.

నిరోణా అనే ఊళ్లో రోగన్ చిత్రకళ చూపిస్తారు. ఆముదాన్ని చాలాసేపు కాచి జిగటగా చేసి, రంగు కలిపి, ఆ ముద్దను అరచేతిలో పెట్టుకుంటారు. ఇనుప పుల్లతో దారంలా సాగదీసి గుడ్డమీద వాలుస్తారు. పుల్ల గుడ్డను తాకదు. సగం బొమ్మ వేసి మడత పెడితే రెండో సగం అచ్చుపడుతుంది. ఈ విద్యను నిలబెట్టిన అబ్దుల్‌గఫూర్ ఖత్రీకి 2019లో పద్మశ్రీ వచ్చింది. అక్కడ బస్సుల తాకిడి ఎక్కువ, కాబట్టి పొద్దున్నే వెళ్లండి. పక్కనే రాగి పూత గంటలు చేసేవాళ్లుంటారు. గంట అంచును సుత్తితో కొట్టి స్వరం సరిచేయడం వినకుండా రాకు.

ఇక తెల్ల రణ్, అంటే ఆ ఉప్పు మైదానం. వానాకాలంలో సముద్రపు నీరూ వాననీరూ కలిసి నిలిచి, ఎండాక ఉప్పు మిగులుతుంది. నవంబరులో వెళ్తే చాలాచోట్ల బురదే కనిపించవచ్చు. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. సూర్యాస్తమయానికి అందరూ వస్తారు, గోల. నువ్వు తెల్లవారుజామున కూడా తీసుకెళ్లమని పట్టుబట్టు. ఉప్పు గట్టిగా కనిపించినా కింద మెత్తని బురద ఉంటుంది, గైడు చూపిన దారి తప్పవద్దు. సరిహద్దు ప్రాంతం కాబట్టి అనుమతి పత్రం కావాలి, గుర్తింపు కార్డు అసలుదే పెట్టుకో. రాత్రి చలి నువ్వు అనుకున్నదానికంటే ఎక్కువ.

ఒక రాత్రి గుడారాల్లో కాకుండా బన్నీ గడ్డిమైదానంలో, భూంగా అనే అక్కడి ఇంట్లో ఉండేలా చూడు. గుండ్రటి మట్టి గోడ, శంకువులాంటి గడ్డి కప్పు. భూకంపంలో చుట్టూ కాంక్రీటు ఇళ్లు కూలినా, బాగా కట్టిన భూంగాలు చాలావరకు నిలిచాయి. లోపలి గోడలమీద అద్దాలు పొదిగిన మట్టిపని ఆ ఇంటి ఆడవాళ్ల చేతిపనే. బన్నీ గేదెలు రాత్రిపూట మేతకు వెళ్లి తెల్లవారాక తిరిగొస్తాయి. ఆ వేళకు నిద్ర లేచి బయట ఉండు. పాట వినాలనుంటే గుడారాల వేదిక మీద సినిమా పాటలు వద్దని చెప్పు, 'వాయి' అనే అక్కడి సూఫీ పాట పాడేవాళ్లను పిలిపించమను. వాళ్ల పారితోషికం ఎంతో, ఎవరి చేతికి అందుతుందో ముందే అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు.

హరప్పా నాగరికత నాటి నగరం ధోలావీరాకు ఒక రోజంతా కావాలి. ఖావడా నుంచి రణ్ మధ్యగా వెళ్లే దారిలో తీసుకెళ్లమను. అక్కడ కోటగోడల కంటే రాతిలో తొలిచిన జలాశయాలు ముందు చూడు. రెండు వాగులకు అడ్డుకట్టలు వేసి, ఎప్పుడో కురిసే వానను నగరం చుట్టూ నిలువ చేసుకున్నారు. ఈ నగరానికి ప్రపంచ వారసత్వ హోదా 2021లో వచ్చింది.

ఇంత చేయాలంటే రోజులు పెంచాలి, లేదా చోట్లు తగ్గించాలి. మాండ్వీ సముద్రతీరం ఈసారికి తీసెయ్. కాలా డుంగర్ కొండ దారిలో పడితే ఎక్కు, లేకపోతే లేదు.

కొనేటప్పుడు ఇది అచ్చుపనా, యంత్రం మీద వేసిందా, రంగు సహజమా, రసాయనమా అని సూటిగా అడుగు. పనిచేసేవాళ్లు దాచరు. బేరం పనివాడి దగ్గర కాకుండా, నిన్ను అక్కడికి తీసుకెళ్లిన సంస్థ దగ్గర చెయ్యి. మార్చిన పట్టిక రాగానే నాకు పంపు, గైడు చెప్పిన జవాబుతో సహా.

ఇట్లు,
మీ అత్తయ్య